కోత లోపలికి మారింది.. మరి కుట్టు సంగతేమిటి?

హైదరాబాద్: ‘కోత లేదు, కుట్టు లేదు, మచ్చ లేదు’. ఎండోస్కోపీ చికిత్సల గురించిన ప్రకటనలలో తరచుగా కనిపించే మాటలివి. వీటిలో మూడోది మాత్రమే పూర్తిగా నిజం. నోటి ద్వారా గొట్టం పంపి, జీర్ణాశయపు గోడను చీల్చి, దాని అవతల ఉన్న అవయవానికి చేసే శస్త్రచికిత్సలో కోత లేకపోవడమన్నది ఉండదు. చర్మం మీద ఉండవలసిన కోత లోపలికి మారుతుంది, అంతే. చర్మం మీది కుట్టు వదులైతే రోగి కంటికే కనిపిస్తుంది. జీర్ణాశయపు గోడలోని కుట్టు వదులైతే జ్వరం, కడుపు బిగుసుకుపోవడం, నాడి వేగం పెరగడం వంటి లక్షణాలు బయటపడేదాకా ఎవరికీ తెలియదు. అప్పటికి కొన్ని విలువైన గంటలు గడిచిపోయి ఉంటాయి.

గత రెండు దశాబ్దాలలో శస్త్రచికిత్సా రంగాన్ని ఊపిన ఒక పెద్ద ఆశకు చివరికి దారి చూపిందీ, అడ్డు నిలిచిందీ ఈ ప్రశ్నే. లోపలి కోతను నమ్మకంగా మూయడం ఎలా? ఆ ఆశ మొదట మనిషి శరీరం మీద పరీక్షకు నిలిచిన చోటు హైదరాబాద్ కావడం వల్ల, ఈ కథ భారతీయ పాఠకులకు దూరపు కథ కాదు.

కాలిన కడుపు, కొత్త దారి

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆంథొనీ కల్లూ, ఆయన సహచరులు 2004లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. పందుల నోటి ద్వారా ఎండోస్కోపును జీర్ణాశయంలోకి పంపి, అక్కడి గోడకు రంధ్రం చేసి, ఉదరకుహరాన్ని పరిశీలించి, వెనక్కి వచ్చి ఆ రంధ్రాన్ని క్లిప్పులతో మూయవచ్చని అందులో చూపారు. ఎండోస్కోపీ నిపుణులకు అప్పటివరకు జీర్ణనాళపు గోడే సరిహద్దు. గోడకు చిల్లు పడిందంటే ప్రమాదం జరిగిందని అర్థం. ఆ చిల్లునే ద్వారంగా మార్చుకోవచ్చన్న ఆలోచన నాటి వైద్యులలో కొందరికి సాహసంగా, మరికొందరికి దుస్సాహసంగా తోచింది.

దాదాపు అదే కాలంలో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో జి.వి. రావు, డి. నాగేశ్వర్ రెడ్డి ఈ పద్ధతిని మనిషికి అన్వయించారు. కాలిన గాయాల వల్ల పొట్ట మీది చర్మం కోతకు అనువుగా లేని రోగికి అపెండిక్స్ తొలగించవలసి వచ్చింది. బయటి నుంచి కోయడం కష్టమైన చోట లోపలి నుంచి వెళ్లడమే వారికి కనిపించిన మార్గం. దీని వీడియోను అంతర్జాతీయ సదస్సులలో ప్రదర్శించిన తరువాత ప్రపంచవ్యాప్తంగా దృష్టి ఇటు మళ్లింది. సవివరమైన ప్రచురణ మాత్రం ఆలస్యంగా, 2008లో వచ్చింది. సదస్సు వీడియోకూ, తోటి నిపుణుల పరిశీలనకు నిలిచిన పత్రానికీ మధ్య ఉన్న ఆ వ్యవధిని విమర్శకులు ఎత్తిచూపారు. అందులో న్యాయం లేకపోలేదు. అయినా మనిషి విషయంలో తొలి అడుగు ఎక్కడ పడిందన్న దానిపై వైద్య సాహిత్యంలో నేడు పెద్దగా వివాదం లేదు.

ఆ జంటలో రావు శస్త్రవైద్యుడు, రెడ్డి ఎండోస్కోపీ నిపుణుడైన వైద్యుడు. ఈ వివరం పైకి చిన్నది. మన దేశపు వైద్యవిద్యలో జీర్ణకోశ వ్యాధుల శాస్త్రం రెండు పాయలుగా నడుస్తుంది. డీఎం చదివినవారు ఎండోస్కోపు పట్టుకోవడం నేర్చుకుంటారు, ఎంసీహెచ్ చదివినవారు సూది, దారం పట్టుకోవడం నేర్చుకుంటారు. జీర్ణాశయాన్ని లోపలి నుంచి కోసి, లోపలి నుంచే కుట్టడానికి ఈ రెండు చేతులూ ఒక్కచోట కలవాలి.

నూటికి నూరు అన్న షరతు

2005 జులైలో అమెరికాకు చెందిన రెండు వృత్తి సంఘాల ప్రతినిధులు న్యూయార్క్‌లో సమావేశమయ్యారు. ఒకటి ఎండోస్కోపీ వైద్యులది, రెండోది ల్యాప్రోస్కోపీ శస్త్రవైద్యులది. ఈ కొత్త పద్ధతికి ‘నోట్స్’ అనే సంక్షిప్తనామం స్థిరపడింది. సహజ రంధ్రాల ద్వారా అవయవపు గోడను దాటి చేసే ఎండోస్కోపీ శస్త్రచికిత్స అని దాని భావం. మరుసటి సంవత్సరం వెలువడిన శ్వేతపత్రంలో పరిష్కారం కావలసిన సమస్యలను వరుసగా పేర్కొన్నారు. ఉదరకుహరంలోకి ప్రవేశం, ఇన్‌ఫెక్షన్ నివారణ, దిక్కు తెలియడం, రక్తస్రావాన్ని అదుపు చేయడం, శిక్షణ వంటివి అందులో ఉన్నాయి. కానీ జీర్ణాశయపు కోతను మూసే పద్ధతి గురించి మాత్రం భాష మారింది. అది నూటికి నూరు పాళ్లు నమ్మదగినదై ఉండాలని పత్రం కోరింది.

వైద్యంలో నూటికి నూరు అన్నది దాదాపు ఎక్కడా వినిపించని కొలత. ఇక్కడ మాత్రం ఎందుకు? పిత్తాశయం తొలగింపునే ఉదాహరణగా తీసుకుంటే తర్కం బోధపడుతుంది. ల్యాప్రోస్కోపీలో పొట్ట మీద మూడు, నాలుగు చిన్న రంధ్రాలు చేసి పిత్తాశయాన్ని తీసివేస్తారు. భారతదేశంలో ఈ విధానాన్ని 1990లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో తెహెమ్టన్ ఉద్వాడియా ప్రారంభించారు. ఇప్పుడది జిల్లా కేంద్రాలలో కూడా సాధారణం. ఈ శస్త్రచికిత్సలో జీర్ణాశయాన్ని తాకవలసిన పనే లేదు. అదే పనిని నోటి ద్వారా చేస్తే, ఏ జబ్బూ లేని జీర్ణాశయానికి ఒక చిల్లు పెట్టినట్లవుతుంది. ఆ చిల్లు వెయ్యిమందిలో ఒక్కరికి కారినా, ఆ ఒక్కరికి జరిగిన హాని పాత పద్ధతిలో అసలు సంభవించనిది. ప్రతిగా రోగికి దక్కేది పొట్ట మీద మచ్చలు లేకపోవడం, కొంత నొప్పి తగ్గడం. ప్రాణాపాయపు అవకాశాన్ని, ఎంత స్వల్పమైనదైనా, మచ్చతో తూచడం కష్టం.

జీర్ణాశయం కారితే ఏమవుతుందో రెండు శతాబ్దాల కిందటి ఒక ఘటన మరో కోణంలో చూపిస్తుంది. 1822లో అమెరికా, కెనడా సరిహద్దులోని ఒక కోట వద్ద అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలింది. పొట్టలో పడిన రంధ్రం మూసుకోలేదు. అంచులు చర్మానికి అతుక్కుని శాశ్వత ద్వారంగా మిగిలాయి. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రం ద్వారా ఆహారపు ముక్కలను దారానికి కట్టి లోపలికి వదిలి, జీర్ణక్రియను పరిశీలించి 1833లో గ్రంథం ప్రచురించారు. సెయింట్ మార్టిన్ ఆ రంధ్రంతోనే 1880 వరకు జీవించాడు. జీర్ణరసం శరీరం వెలుపలికి కారింది కాబట్టి అతడు బతికాడు. అదే రసం ఉదరకుహరంలోకి కారి ఉంటే, నాటి వైద్యంలో అతడికి దక్కేవి కొద్ది రోజులే.

ఒక సెంటీమీటరు గొట్టంలో శస్త్రవైద్యుడు

జీర్ణాశయపు గోడను ఒక పలుచని తొడుగుగా ఊహించుకోవడం పొరపాటు. లోపలి వైపు శ్లేష్మపు పొర, దాని కింద పీచు వంటి ఉపపొర, తరువాత బలమైన కండరం, అన్నిటికన్నా వెలుపల నునుపైన సీరోసా అనే పొర ఉంటాయి. లోపలి పొర కండరం మీద జారుతుంది. లోపలి నుంచి చూసేవారికి చేతికి అందేది ఆ జారే పొరే.

ఈ విషయంలో శస్త్రవైద్యానికి పునాది వేసినవాడు ఫ్రెంచి వైద్యుడు ఆంత్వాన్ లాంబేర్. పేగులను కుట్టేటప్పుడు లోపలి పొరలను కలిపితే గట్టిగా అతకవని, వెలుపలి సీరోసా పొరలు రెండూ ఒకదానినొకటి తాకేలా అంచులను లోపలికి మడిచి కుట్టాలని ఆయన 1826లో వివరించారు. సీరోసా మీద సీరోసా పడితే కొద్ది గంటలలోనే జిగురు వంటి ఫైబ్రిన్ ఏర్పడి నీరు చొరకుండా అతుకు పడుతుంది. 1881లో వియన్నాలో థియడోర్ బిల్‌రోత్ తొలిసారి జీర్ణాశయంలోని క్యాన్సర్ భాగాన్ని విజయవంతంగా తొలగించి మిగిలినదాన్ని పేగుకు కలిపినప్పుడు, ఈ సూత్రం ఆయనకు తోడుంది. పొట్ట తెరిచి చేసేవారికి సీరోసా కళ్లెదుటే ఉంటుంది. ఎండోస్కోపుతో వెళ్లినవారికి అది గోడకు ఆవలి వైపు ఉంటుంది. ఇంటి లోపల నిలబడి వెలుపలి గోడకు సున్నం వేయమన్నట్లుంటుంది వారి పరిస్థితి.

ఎండోస్కోపు సుమారు ఒక సెంటీమీటరు మందం ఉండే గొట్టం. అందులో పరికరాలు పోయే సందు మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించదు. శస్త్రవైద్యుడి రెండు చేతులు రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి, కళ్లు మూడో చోటు నుంచి చూస్తాయి. ఎండోస్కోపులో చూపూ పరికరమూ ఒకే గీత మీద ముందుకు పోతాయి. అటువంటి స్థితిలో ముడి వేయడమంటే ఒంటి చేత్తో, చొక్కా చేతి లోపలి నుంచే గుండీ పెట్టుకోవడం వంటిది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. జీర్ణాశయాన్ని గాలితోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో ఉబ్బించితేనే లోపల ఏమైనా కనిపిస్తుంది. గోడకు చిల్లు పడిన మరుక్షణం ఆ వాయువు ఉదరకుహరంలోకి పోతుంది. జీర్ణాశయం గాలి తీసిన బంతిలా ముడుచుకుపోయి, మూయవలసిన కోత ముడతలలో దాక్కుంటుంది. ఉదరకుహరంలో చేరిన వాయువు ఎక్కువైతే ఊపిరికే ఇబ్బంది కలుగుతుంది. అందుకే అవసరమైతే పొట్టలోకి సన్నని సూది గుచ్చి దానిని వదిలిస్తారు. త్వరగా రక్తంలో కలిసిపోతుంది కనుక సాధారణ గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడటం నేడు నియమంగా మారింది.

చీమ తల నుంచి నిటినాల్ దవడ వరకు

తొలి ప్రయోగాలలో వాడిన చిన్న క్లిప్పులు రక్తస్రావం ఆపడానికి తయారైనవి. వాటి దవడలు సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా తెరుచుకుని శ్లేష్మపు పొరను మాత్రమే పట్టుకుంటాయి. కండరం, సీరోసా విడిగానే ఉండిపోతాయి. పైకి చూస్తే మూసినట్లే ఉంటుంది, ఒత్తిడి పెరిగితే అతుకు ఊడుతుంది. పందిలో పనిచేసిన పద్ధతి మనిషికీ సరిపోతుందని చెప్పడం కూడా కష్టమే. పంది జీర్ణాశయపు గోడ మనిషి గోడ కంటే మందమైనది.

తరువాత వచ్చిన ఆలోచనలలో టీ ఆకారపు చిన్న లోహపు లంగర్లు ఒకటి. బోలు సూదితో గోడను గుచ్చి, దారం కట్టిన లంగరును అవతలి వైపు వదిలి, రెండు దారాలను దగ్గరకు లాగి బిగిస్తారు. బిగింపు బాగానే ఉంటుంది. అయితే సూది ఆవలి వైపు ఏం తగులుతుందో గుచ్చేవారికి కనిపించదు. పేగు ఉండవచ్చు, రక్తనాళం ఉండవచ్చు. ఈ గుడ్డిపోటు భయమే ఆ పద్ధతిని చాలా వరకు ప్రయోగశాలకు పరిమితం చేసింది.

జర్మనీలోని ట్యూబింగెన్ నగరానికి చెందిన ఒవెస్కో సంస్థ వేరే దారి పట్టింది. ఎండోస్కోపు కొనకు టోపీలా అమర్చే ఓటీఎస్‌సీ అనే క్లిప్పును తయారు చేసింది. నికెల్, టైటానియం మిశ్రమమైన నిటినాల్‌తో చేసిన ఈ క్లిప్పు పళ్లున్న దవడలా ఉంటుంది. కోత అంచులను టోపీలోకి పీల్చుకుని వదిలితే, దవడ తన సహజ ఆకారానికి వచ్చి గోడను పొరలన్నిటితో సహా కరిచి పట్టుకుంటుంది. ఎలుగుబంటి పంజా అన్న ముద్దుపేరు దీనికి అలా వచ్చింది. చిల్లు పడిన పేగు అంచులను పెద్ద నల్లచీమల చేత కరిపించి, వాటి తలలను అక్కడే వదిలి మొండెాలను తొలగించాలన్న సూచన సుశ్రుత సంహితలో ఉంది. రెండింటి మధ్య చారిత్రక సంబంధం ఏదీ లేదు. లోపలి గాయాన్ని ముడి లేకుండా, కరిచి పట్టుకోవడం ద్వారా మూయాలన్న అవసరం మాత్రం ఒకటే.

నిజమైన కుట్టుకు దగ్గరగా వచ్చినది అమెరికాలోని ఆస్టిన్‌లో ఉన్న అపోలో ఎండోసర్జరీ సంస్థ రూపొందించిన ఓవర్‌స్టిచ్. మన దేశంలోని అపోలో ఆసుపత్రులకూ దీనికీ సంబంధం లేదు, పేరు కలిసిందంతే. కల్లూ తదితర పరిశోధకులు ఏర్పరచుకున్న అపోలో బృందం నుంచి ఈ సంస్థ పుట్టింది. వంపు సూది ఒక చేయి నుంచి మరో చేయికి మారుతూ గోడ మందమంతటినీ గుచ్చి దారం లాగుతుంది. మర సూదితో చొక్కాకు కుట్టినంత సులువు కాదు గానీ, పనితనం చేతి కుట్టును తలపిస్తుంది. ఆ సంస్థను 2023లో బోస్టన్ సైంటిఫిక్ కొనుగోలు చేసింది.

ఖర్చు తక్కువైన మార్గాన్ని చైనా వైద్యులు అలవరచుకున్నారు. షాంఘైలోని జోంగ్‌షాన్ ఆసుపత్రికి చెందిన జౌ పింగ్‌హాంగ్ బృందం 2011లో, కండరపు పొరలో పుట్టిన జీర్ణాశయపు గడ్డలను గోడ మందమంతటితో సహా కోసి తీసిన 26 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించింది. మిగిలిన చిల్లును సాధారణ క్లిప్పులతోనే మూశారు. ఆ తరువాత క్లిప్పులకు నైలాన్ ఉచ్చును జోడించే పద్ధతి వ్యాపించింది. చిల్లు చుట్టూ ఉచ్చును పరచి, దానిని క్లిప్పులతో అంచులకు తగిలించి, చివరకు సంచి మూతిని నాడాతో బిగించినట్లు బిగిస్తారు. కొన్ని సందర్భాలలో పొట్టలోని కొవ్వు పొర అయిన ఒమెంటాన్ని చిల్లులోకి లాగి, బిరడాలా అమర్చి క్లిప్పులు వేస్తారు. అల్సర్ పగిలినప్పుడు పొట్ట తెరిచే శస్త్రవైద్యులు చాలాకాలంగా చేస్తున్న పనికి ఇది లోపలి రూపం.

మూయలేకపోతే తలుపును పక్కకు జరపడం

ఇన్ని పరికరాలు వచ్చినా నోట్స్ అనుకున్న స్థాయికి ఎందుకు ఎదగలేదు? జర్మనీలో శస్త్రవైద్యులు నిర్వహించిన జాతీయ నమోదు పట్టిక ఇందుకు సమాధానం చెబుతుంది. 2010లో ప్రచురితమైన తొలి నివేదికలోని 551 మంది రోగులలో అత్యధికులకు జరిగింది పిత్తాశయపు తొలగింపు, ఎంచుకున్న దారి యోని మార్గం. అంతకుముందు 2007లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాక్ మారెస్కో బృందం ప్రపంచం దృష్టిని ఆకర్షించినది కూడా ఈ మార్గంలోనే. కారణం సులభం. ఆ కోతను బయటి నుంచి కంటితో చూస్తూ, మామూలు సూదీ దారంతో కుట్టవచ్చు. స్త్రీ వ్యాధుల నిపుణులకు అది దశాబ్దాలుగా అలవాటైన పని. అంటే, ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్లాలో నిర్ణయించినది దాన్ని మూయడంలోని సులువే. ఫలితంగా పురుషులకు అందని పద్ధతిగా అది మిగిలింది. స్త్రీల సమ్మతి గురించిన ప్రశ్నలు ఎటూ ఉన్నాయి.

రెండో సమాధానం ఇంకా ఆసక్తికరమైనది. తలుపు గట్టిగా మూయలేకపోతే, లోపలి తలుపూ వెలుపలి తలుపూ ఎదురెదురుగా లేకుండా చేస్తే సరిపోతుందని కొందరు ఆలోచించారు. పాత కోటలలో వంకర ద్వారాలు కట్టింది ఇందుకే. మేయో క్లినిక్ పరిశోధకులు శ్లేష్మపు పొరను ఒకచోట కోసి, దాని కింద కొన్ని సెంటీమీటర్ల దూరం సొరంగం తవ్వి, ఆ చివర కండరాన్ని కోశారు. పని ముగిశాక పైనున్న చెక్కుచెదరని పొరే మూతగా పడుతుంది. ప్రవేశం వద్ద నాలుగు మామూలు క్లిప్పులు చాలు.

ఈ సొరంగమే జపాన్ వైద్యుడు హరుహిరో ఇనూవే చేతిలో కొత్త చికిత్సగా మారింది. అన్నవాహిక చివరి కండరం సడలకపోవడం వల్ల మెతుకు దిగని అకలేషియా వ్యాధికి, సొరంగం ద్వారా వెళ్లి కండరాన్ని కోసే ‘పోయెమ్’ పద్ధతిని ఆయన 2008లో మొదలుపెట్టి, 2010లో 17 మంది రోగుల ఫలితాలను ప్రచురించారు. నేడు ప్రపంచమంతటా అది ప్రామాణిక చికిత్స. హైదరాబాద్ కేంద్రం పోయెమ్ విషయంలో ప్రపంచంలోని అతిపెద్ద అనుభవాలలో ఒకదానిని నమోదు చేసింది. మధుమేహం వల్ల జీర్ణాశయం మందగించిన కొందరికి ఇదే సొరంగాన్ని జీర్ణాశయపు చివరి ద్వారం వద్ద తవ్వుతున్నారు. కుట్టు సమస్యకు సమాధానంగా పుట్టిన సొరంగం, అసలు ఉద్దేశించిన శస్త్రచికిత్సను వదిలి వేరే రోగులను కాపాడుతోంది.

కుట్టు యంత్రానిదీ ఇదే తీరు. కోతను మూయడానికి తయారైన ఓవర్‌స్టిచ్‌ను ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది కోతే లేని చోట. స్థూలకాయులలో జీర్ణాశయాన్ని లోపలి నుంచి మడిచి కుట్టి ఇరుకు చేస్తున్నారు. 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారు ఏడాదిలో సగటున 13.6 శాతం బరువు తగ్గగా, జీవనశైలి మార్పులకే పరిమితమైనవారు 0.8 శాతం తగ్గారు. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతినిచ్చింది.

అనుకోని చిల్లుల సంగతి

ఈ పరిజ్ఞానంతో అసలైన పని పెద్ద కేంద్రాల అద్భుతాలలో కన్నా, ప్రమాదాల వేళ పడుతుంది. గడ్డ తొలగిస్తున్నప్పుడో, ఇరుకైన చోటును సాగదీస్తున్నప్పుడో అనుకోకుండా చిల్లు పడవచ్చు. ఒకప్పుడు వెంటనే పొట్ట తెరవడమే మార్గం. నేడు యూరప్ ఎండోస్కోపీ సంఘం మార్గదర్శకాల ప్రకారం, వెంటనే గుర్తించిన సెంటీమీటరు లోపు జీర్ణాశయపు చిల్లులను మామూలు క్లిప్పులతోనూ, అంతకు మించినవాటిని ఓటీఎస్‌సీతో గానీ క్లిప్పులు, ఉచ్చు కలిపి గానీ మూయవచ్చు. ఇటువంటి ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలన్నది ప్రతి కేంద్రమూ ముందుగానే రాసిపెట్టుకోవాలని కూడా ఆ సంఘం చెబుతోంది.

ఇక్కడే భారతదేశపు ప్రశ్న మొదలవుతుంది. ఎండోస్కోపు నేడు చిన్న పట్టణాలకూ చేరింది. గొట్టం చేరిన ప్రతి చోటికీ గట్టి క్లిప్పు, దాన్ని వేయగలిగిన చేయి చేరాయని చెప్పలేం. గొట్టాన్ని శుభ్రం చేసి వందలసార్లు వాడతారు. ఓటీఎస్‌సీ, కుట్టు పరికరం మాత్రం ఒక్కసారి వాడి పారవేయవలసినవి, పైగా విదేశాల నుంచి రావలసినవి. ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరమయ్యే ఖరీదైన పరికరాన్ని గడువు తీరేదాకా అరలో ఉంచడానికి చిన్న ఆసుపత్రి వెనుకాడుతుంది. కానీ చిల్లు పడ్డ రోగికి కావలసింది అరగంటలో అందే క్లిప్పు. రాజధానికి అంబులెన్సులో నాలుగు గంటల ప్రయాణం తరువాత దొరికేది అదే క్లిప్పు అయినా, దాని విలువ అదే కాదు.

ధరల విషయంలో ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవలసిన అవసరం లేదని గుండె స్టెంట్ల అనుభవం చూపింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందుపూత స్టెంటు గరిష్ఠ ధరను 29,600 రూపాయలకు, సాధారణ లోహపు స్టెంటును 7,260 రూపాయలకు పరిమితం చేసింది. అయితే స్టెంట్లు లక్షల సంఖ్యలో వాడకమయ్యేవి, దేశంలోనే తయారీదారులున్నవి. గోడ మందాన్ని కరిచే క్లిప్పులకు అంత మార్కెట్టు లేదు. ధర తగ్గించమని ఆజ్ఞాపిస్తే సరఫరాయే ఆగే ప్రమాదముంది. 3,420 కోట్ల రూపాయలతో 2020లో ప్రకటించిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకం, విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్, 2023 నాటి జాతీయ వైద్య పరికరాల విధానం దిగుమతుల మీద ఆధారపడటాన్ని తగ్గించే ఉద్దేశంతోనే వచ్చాయి. స్కానింగు యంత్రాల వంటి పెద్ద పరికరాలు విధాన నిర్ణేతల దృష్టిలో సులభంగా పడతాయి. అరచేతిలో పట్టే క్లిప్పు పడదు. అయినా నిటినాల్ తీగను మలచే నైపుణ్యం దేశంలోని స్టెంటు పరిశ్రమకు కొత్తదేమీ కాదు. చైనా వైద్యుల ఉచ్చు పద్ధతికైతే దిగుమతి కన్నా శిక్షణే ముఖ్యం. కబేళా నుంచి తెచ్చిన పంది జీర్ణాశయం మీద దాన్ని అభ్యాసం చేయవచ్చు. డీఎం శిక్షణలో చిల్లు మూయడాన్ని విధిగా చేర్చడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

సమ్మతి పత్రంలో లేని వాక్యం

రోగి వైపు నుంచి చూస్తే ప్రశ్న మరోలా ఉంటుంది. చికిత్స స్వభావం, అందులోని ప్రమాదాలు, ఇతర మార్గాలు రోగికి తగినంతగా తెలిపి పొందినదే నిజమైన సమ్మతి అని 2008లో సుప్రీంకోర్టు ఒక వైద్య నిర్లక్ష్యపు కేసులో స్పష్టం చేసింది. ఆ కొలతతో చూస్తే ‘కోత లేని శస్త్రచికిత్స’ అన్న మాట సమ్మతి పత్రంలో చోటు చేసుకోదగినది కాదు. తెలుగులో ‘కుట్లు పడ్డాయి’ అంటే గాయం పెద్దదని అర్థం, ‘కుట్లు విప్పారు’ అంటే గండం గడిచిందని. కుట్లు లేవని చెప్పగానే రోగి బంధువులు గాయమే లేదనుకోవడం భాషను బట్టి సహజం. మరునాడే ఇడ్లీ తినిపించడం, వారంలో బరువులెత్తించడం అందువల్లే జరుగుతాయి. లోపల మూసిన కోత ఉన్న రోగికి తొలి గంటలలో నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఉంచి, ఆమ్లం తగ్గించే మందు, యాంటీబయాటిక్ ఇస్తారు. అవసరమైతే రంగుద్రవం తాగించి కారడం లేదని స్కానింగులో చూస్తారు. ఆ తరువాతే ద్రవాహారం మొదలవుతుంది. ఈ వరుస ఎందుకో చెప్పకపోతే, ఆకలితో ఉన్న మనిషికి ఇంటివారు పెట్టే ముద్దను ఏ నర్సూ ఆపలేదు.

తుది ప్రమాదం ఇంటికి చేరాక వస్తుంది. చిన్న క్లిప్పులు చాలా వరకు కొన్ని వారాలలో వాటంతటవే ఊడి మలంతో పోతాయి. ఓటీఎస్‌సీ నెలల తరబడి అక్కడే ఉండవచ్చు. దాన్ని తీయాలంటే ప్రత్యేకమైన కోత పరికరం కావాలి. ఎంఆర్ఐ స్కానింగు విషయంలో క్లిప్పులన్నీ ఒక్క తీరువి కావు. కొన్నింటిని నిర్దిష్ట షరతులతో అనుమతిస్తారు, పాత రకాలలో కొన్నింటికి అనుమతే లేదు. నడుము నొప్పితో ఆరు నెలల తరువాత వేరే ఊళ్లో స్కానింగుకు వెళ్లిన రోగిని ‘ఒంట్లో లోహమేమైనా ఉందా?’ అని అడిగితే, కోత లేదని విన్నవాడు లేదనే చెబుతాడు. వేసిన క్లిప్పు పేరు, సంఖ్య, తేదీ, ఎక్కడ వేసిందీ డిశ్చార్జి కాగితం మీద రోగి చదవగలిగే భాషలో రెండు వరుసలు రాసి ఇస్తే, స్కానింగు గది ముందు ఆ జవాబు మారుతుంది.